అర డబ్బా తిండి

ఆ రోజు ఇంట్లో ఆరుగురున్నారు. వసారాలో చాప మీద కూర్చుని వక్కాకు నములుతున్న అవ్వ బాలనాగమ్మ. పొయ్యి దగ్గర సంగటి కెలుకుతున్న తల్లి సుంకమ్మ. వచ్చినవాళ్ళను ఎక్కడ కూర్చోబెట్టాలో తేలక అటూ ఇటూ తిరుగుతున్న తండ్రి ఆదినారాయణ. నెత్తిన రేకు డబ్బా పెట్టుకుని చెమటలు కక్కుతూ వచ్చిన పక్కింటి కదిరప్ప. ఇంకో డబ్బాను చంటిపిల్లను ఎత్తుకున్నట్టు రెండు చేతులతో పట్టుకున్న చేపల ఆఫీసరు మార్కండేయులు. ఆరో మనిషి నీలావతి. ఆమెను లెక్కలోకి తీసుకోవాలంటే జొన్నల గాదె వెనక్కి పోయి చూడాలి.

అరవై నాలుగో సంవత్సరం, జూలై నెల. రెండేళ్ళుగా ఎండి పడున్న ఊరి చెరువుకు ఆ యేడు నీళ్ళొచ్చాయి. నీళ్ళొచ్చిన చెరువులో చేపలు వదలాలని పంచాయతీ వాళ్ళు తీర్మానించారు. అయితే గుడ్డు పగిలి నాలుగు రోజులు కూడా కాని పిల్లలను నేరుగా చెరువులో వదిలితే కప్పలూ నీటిపురుగులూ ఒక్కదాన్ని మిగల్చవు. పదిహేను రోజులు చిన్న కుంటలో ఉంచి, తిండి పెట్టి, అంగుళం పొడుగైనాక చెరువులోకి మార్చాలి. ఆదినారాయణకు ఇంటిని ఆనుకుని ఉన్న బావి పక్కన, ఎద్దులతో తోడే కపిల నీళ్ళు నిలవడానికి తవ్వించుకున్న కుంట ఒకటుంది. ఆ బరువు అతని మీద పడింది. నిజం చెప్పాలంటే అతనే మీద వేసుకున్నాడు.

మార్కండేయులు ఆఫీసరంటే పెద్ద ఆఫీసరేమీ కాదు. పెనుకొండలో కాపురముండి, చుట్టుపక్కల ఊళ్ళలో సైకిలు మీద తిరుగుతూ చేపల పని చూసే చిన్న ఉద్యోగి. పుట్టింది ధర్మవరంలో, పట్టుచీరలు నేసేవాళ్ళింట్లో. చేపను పెంచడమే గానీ నోట పెట్టి ఎరగడు.

కదిరప్ప డబ్బా దించి, మూత తీసి లోపలికి తొంగి చూశాడు.

"ఏమప్పా మార్కండేయులూ, ధర్మవరం టేషను నుంచి ఉత్త నీళ్ళు మోపించినావే నాతో! ఈడ మాకు నీళ్ళు ల్యావనుకున్యావా?"

"బాగా చూడన్నా."

"చూస్తాండా. నీళ్ళే."

"ఆ నీళ్ళకు కండ్లుండాయి చూడు."

కదిరప్ప మళ్ళీ వంగాడు. నిజమే, నీళ్ళ నిండా కళ్ళున్నాయి. ఒక్కో జత నల్లటి చుక్కల వెనక వెంట్రుక ముక్కంత తోక. ఒళ్ళు ఉందో లేదో తెలియడం లేదు.

"ఇరవై వేలు" అన్నాడు మార్కండేయులు. "తల్లిచేపకు సూదిమందు వేసి గుడ్లు పెట్టించినారు."

"చేపలకు సూదులా!" అంది అవ్వ వక్కాకు నమలడం ఆపి. "మాకు జ్వరమొస్తే సూదేసేవాడు దొరకడు. చేపలు పెట్టి పుట్టినాయి పో."

అందరూ నవ్వారు. గాదె వెనక నీలావతి కూడా నవ్వింది, చప్పుడు కాకుండా.

డబ్బాలను కుంటలో కాసేపు తేలనిచ్చి, డబ్బా నీళ్ళూ కుంట నీళ్ళూ ఒక వేడికి వచ్చినాక మార్కండేయులు మెల్లగా వంచాడు. తర్వాత సంచీలోంచి ఖాళీ పాల డబ్బా ఒకటి, నోటుబుక్కు ఒకటి తీశాడు. వేరుశనగ చెక్క దంచి, పలుచని గుడ్డలో జల్లెడ పట్టి, అంతే తౌడు కలిపి పెట్టుకోవాలి. పొద్దున అర డబ్బా, సాయంత్రం అర డబ్బా. అంతకు మించి చిటికెడు కూడా వేయకూడదు. వేసినదంతా ఏ పూటకాపూట బుక్కులో రాయాలి.

"ఎవరు చూస్తారు?" అని అడిగాడు.

ఆదినారాయణ గాదె వైపు చూశాడు. "మా నీలావతి చూస్తాది. ఎనిమిది పాసయింది. దాని అక్షరాలు ముత్యాల మాదిరుంటాయి."

నీలావతి గాదె వెనక ఇంకాస్త ఒదిగింది. ఎనిమిదో తరగతి దాకా ఊళ్ళోనే బడి ఉంది. తొమ్మిదికి పోవాలంటే హిందూపురం. అక్కడ ఆడపిల్లల హాస్టలు ఉంది, ఈ నెలాఖరు దాకా చేర్చుకుంటారు. ఈ సంగతి ఆమె నెల రోజుల కిందటే తండ్రి భోంచేసే పీట పక్కన చీటీ మీద రాసి పెట్టింది. నోటితో చెప్పలేకపోయింది మరి. చీటీ చదివి ఆదినారాయణ కాదనలేదు, ఔననలేదు. చదువు మీద అతనికి కోపం లేదు. అతని బెంగ వేరు. ఈ పిల్ల ఇంటికొచ్చిన చుట్టానికి మంచినీళ్ళివ్వాలన్నా చెంబు గడప మీద పెట్టి పారిపోతుంది. ముక్కూ ముఖం తెలియనివాళ్ళ మధ్య ఎలా బతుకుతుంది?

ఆఫీసరు పోయినాక కుంటగట్టు మీద కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుని చెప్పాడు. "చూడమ్మీ. ఈ పదిహైను దినాలు ఇది నీ పని. నేను అడగను, మీ అమ్మ అడగదు. ఒక పనిని ఒంటిగా గట్టెక్కించినావంటే నువ్వు యాడైనా ఉండగలవని నేను నమ్ముతా. నమ్మినానంటే హిందూపురం పంపిస్తా."

నీలావతి తల ఊపింది. ఆ రాత్రి సంతోషంతో ఆమెకు అన్నం సయించలేదు.

మొదటి ఆరు రోజులంత మంచి రోజులు ఆమె బతుకులో లేవు. ఎండెక్కకముందే లేచి రోట్లో చెక్క దంచేది. తల్లి పాత చీర చెరగులో జల్లెడ పట్టేది. గాలికి వీపు పెట్టి నిలబడి, ముగ్గు వేసినట్టు వేళ్ళ సందుల్లోంచి పొడి జల్లేది. పొడి నీళ్ళ మీద కాసేపు తేలి, మెల్లగా దిగేది. మూడో రోజుకు ఆ కళ్ళ వెనక ఒళ్ళు కనపడసాగింది. ఆరో రోజుకు పొడి పడిన చోట నీళ్ళు సన్నగా వణికేవి. ఆ వణుకు చూడడానికే ఆమె గట్టు మీద చాలాసేపు కూర్చునేది. చేపపిల్లలతో ఆమె మాట్లాడేది కూడా. అవి తిరిగి ఏమీ అడగవు కదా.

ఆరో రోజు మార్కండేయులు సైకిలు మీద వచ్చి, గుడ్డ వలతో నాలుగు పిల్లలను పట్టి అరచేతిలో చూసుకున్నాడు. "బాగుండాయి. రేపట్నించి పూటకు ముక్కాలు డబ్బా వెయ్యి" అన్నాడు. సైకిలు ఎక్కబోతూ ఆగాడు. "ఒక మాట. పొద్దునపూట పిల్లలన్నీ పైకొచ్చి నోర్లు తెరుస్తాండాయనుకో, అది ఆకలి కాదు. నీళ్ళలో వాటికి ఊపిరి ఆడ్డంల్యా అని. ఆ దినం తిండి ఆపెయ్యాల. కపిల తోలించి కొత్త నీళ్ళు పెట్టాల. గుర్తుంటాదా?"

నీలావతి తల ఊపి, ఆయన పోగానే ఆ మాటలన్నీ బుక్కు అట్ట మీద రాసుకుంది. అప్పుడు గట్టు మీద ఆమె తప్ప ఎవరూ లేరు.

ఎనిమిదో రోజు ఆదినారాయణ బండికి బెల్లం ఎత్తుకుని హిందూపురం సంతకు బయలుదేరాడు. పోయి రావడానికి మూడు రోజులు. "అట్లనే హాస్టలు కాడికి కూడా పోయొస్తా" అని కూతురికి మాత్రమే వినపడేటట్టు చెప్పి, ఎద్దులను అదిలించాడు.

ఆ మధ్యాహ్నమే నీలావతి కుంట దగ్గరికి పోతే, గట్టు మీద అవ్వ గొంతుక్కూర్చుని ఉంది. ఒళ్ళో చెక్కపొడి. పిడికిళ్ళతో విసురుతోంది.

"అవ్వా! అదేంది?"

"ఏం ల్యామ్మీ. పిల్లలకు రవ్వంత."

"పొద్దున నేను వేసినా కదా."

"వేసినావు లే. ఇరవై వేల నోర్లకు పాల డబ్బా. నీకు గిన్నె నిండా సంగటి కావాల, వాటికి విబూది జల్లితే సాలునా?"

"ఆయప్ప చెప్పినాడు..."

"ఆయప్ప మగ్గం ఇంట్లో పుట్టినాడు. పోగు కొలిచినట్ల తిండి కొలుస్తాడు. మన్ను దున్నుకునేటోళ్ళం, మనకెందుకే ఆ కొలత? నేను మొన్నట్నించి వేస్తానే ఉండా. అందుకే ఇంత నున్నగుండాయి."

నీలావతి వేళ్ళ మీద పూటలు లెక్కపెట్టింది. మొన్నటి నుంచి! "వద్దవ్వా" అంది. ఆ మాట తనకే సరిగా వినపడలేదు.

అవ్వ ఆమె వైపు చూడలేదు. నీళ్ళ వైపు చూస్తూ, కోపమూ ఏడుపూ లేని గొంతుతో చెప్పింది. "గంజి కరువులోనూ ఇట్లనే కొలిచి పెట్టినారు. మనిషికి ఒక గరిటె. నీకు ముందర పుట్టింది అంకమ్మ. నా ఒళ్ళోనే పండుకోనుండె. గంజి తెచ్చేతలికి నోరు తెరిచి ఉండె, అంతే. దానికి గరిటె సాలునని ఎవరు చెప్పినారో, వాణ్ణి నేనింకా యెతుకుతాండా." మళ్ళీ ఒక పిడికెడు విసిరింది.

అంకమ్మ అనే అక్క ఉండేదని నీలావతికి తెలుసు. ఎలా పోయిందో ఎవరూ చెప్పలేదు. వద్దనే మాట వదిలేసి ఇంటికి నడిచింది.

చెక్క సంచీని అటక మీదికి ఎక్కించింది. సాయంత్రానికి సంచీ మళ్ళీ కింద ఉంది. దించింది తల్లి.

"అమ్మా, అది నేనే పెట్టినా."

సుంకమ్మ కూతురి ముఖం చూడకుండా పొయ్యిలో పుల్లలు సర్దింది. "ఆ మనిషి ముందర తిండి దాచాకు మ్మా. ఏమన్నా చెయ్యి గానీ, తిండి దాచాకు."

తాను వేసేదన్నా మానేస్తే సరిపోతుందనుకుంది నీలావతి. ఆ పూట డబ్బా ముట్టలేదు. బుక్కులో ఏం రాయాలో తెలియక, వేయలేదని రాయడానికి చెయ్యి రాక, ముక్కాలు డబ్బా అనే రాసింది. అవ్వ వేసింది ఎంతో ఆమెకు తెలియదు, అది ఎక్కడా రాయలేదు. మరుసటి రోజు నీళ్ళు పులిసిన గంజి వాసన కొట్టాయి. ఆ పూటా అలాగే రాసింది.

పదో రోజు తెల్లవారేసరికి కుంట పైన వాన చినుకులు పడుతున్నట్టు ఉంది. వాన లేదు. ఇరవై వేల పిల్లలూ పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి.

"చూసినావా?" అంది అవ్వ వెనక నుంచి. చేట నిండా పొడి తెచ్చుకుంది. "చూసినావా ఎట్ల అడుక్కుంటాండాయో! పాపిష్టిదానా, నిన్న రేత్రి వేసినావా వాటికి?"

"అవ్వా, అది ఆకలి కాదు. నీళ్ళలో ఊపిరి ఆడ్డంల్యా. ఈడ రాసినా చూడు." నీలావతి బుక్కు అట్ట చూపించింది. అవ్వకు చదువు రాదు.

"నోరు తెరిస్తే ఆకలి కాదంట!" అవ్వ నవ్వలేదు, తిట్టలేదు. చిన్నపిల్ల ఏదో అందని వదిలేసి, చేట వంచింది.

నీలావతి చేట పట్టుకుంది. పట్టుకుంది గానీ లాగలేదు. అంకమ్మను ఒళ్ళో పండుకోబెట్టుకున్న ఆ చేతుల్లోంచి తిండి లాక్కోవడం ఆమె వల్ల కాలేదు. చేట వదిలేసి కదిరప్ప ఇంటికి పరుగెత్తింది.

ఇంటి ఎద్దులు హిందూపురంలో ఉన్నాయి. కపిల తోలాలంటే కదిరప్ప ఎద్దులే దిక్కు. ఆయన అరుగు మీద నలుగురు మగవాళ్ళతో కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. నీలావతి పరుగు వేప చెట్టు దగ్గరే నడకయింది. అరుగు దగ్గరికి వచ్చేసరికి నడక కూడా ఆగింది.

"ఏమ్మీ నీలావతీ, పొద్దున్నే?" అన్నాడు కదిరప్ప.

"ఎద్దులు..."

"ఎద్దులా? మా ఎద్దులేం చేసినాయి మీ చేన్లో?"

"ఏం చేయలేదు. కపిల... కుంటకు నీళ్ళు..."

అరుగు మీద ఒకాయన పకపకా నవ్వాడు. "కుంట నిండా నీళ్ళు పెట్టుకోని నీళ్ళంటాదేంది! చేపలకు దప్పికైందేమో!"

నలుగురూ నవ్వారు. చెడ్డ నవ్వు కాదు, పొద్దునపూట ఊరికే నవ్వే నవ్వు. కదిరప్ప కూడా మంచివాడే. "చేన్లో గుంటక తోలేది ఉండాది పాపా. మధ్యాన్నం వస్తాలే, పో" అన్నాడు.

ఇప్పుడే రావాలి, మధ్యాహ్నానికి చస్తాయి అని చెప్పాలి. ఆ మాట ఆమె నాలుక మీదే ఉంది. ఐదు జతల కళ్ళు ఆమెనే చూస్తున్నాయి. తల ఊపి వెనక్కి తిరిగింది.

అప్పటి నుంచి ఆమె చేదతోనే నీళ్ళు తోడింది. బావిలోంచి చేది, కడవ నింపి, ఎత్తు నుంచి కుంటలో పోసింది. పోసిన చోట నురగ లేచేది. ఆ నురగ దగ్గరికి పిల్లలు గుంపుగా వచ్చేవి. ఆ గుంపు మీదికి అవతలి గట్టు నుంచి అవ్వ పొడి విసిరేది. "ఎగబడుతాండాయి చూడే, సుంకమ్మా!" అని కోడల్ని పిలిచేది. ముప్పై కడవల దాకా నీలావతి లెక్క పెట్టింది. తర్వాత లెక్క తప్పింది. అరచేతులు బొబ్బలెక్కి పగిలాయి. కుంట నీళ్ళ రంగు కూడా మారలేదు.

మధ్యాహ్నం కదిరప్ప ఎద్దులతో వచ్చాడు. కుంట చూసి కాడి భుజం మీద నుంచి దించలేదు. నీళ్ళ మీద తెల్లగా, జొన్నపేలాలు ఆరబోసినట్టు తేలి ఉన్నాయి. "అయ్యో, ఇంత పనని చెప్పల్యాకపోయినావా పాపా?" అన్నాడు.

మర్నాడు పొద్దున ఆదినారాయణ వచ్చాడు. బండి దిగుతూనే, నీలం రంగు రేకు పెట్టె ఒకటి దించి వసారాలో పెట్టాడు. హాస్టలామె మంచిదట. సీటుందట. ఇరవై ఎనిమిదో తేదీ లోపల రమ్మందట. ఇదంతా చెప్తూ కూతురి కోసం చుట్టూ చూశాడు. అప్పుడు గాలి తిరిగి వాసన వచ్చింది.

మార్కండేయులు కూడా ఆ పూటే వచ్చాడు. ఎవరినీ ఏమీ అడగకుండా ప్యాంటు మడిచి కుంటలోకి దిగి, అడుగున చెయ్యి పెట్టి పైకి తీశాడు. చేతి నిండా నల్లగా మురిగిన చెక్క. నోటుబుక్కు తెరిచాడు. ఏడో రోజు నుంచి ప్రతి పూటా ముత్యాల్లాంటి అక్షరాలతో, ముక్కాలు డబ్బా, ముక్కాలు డబ్బా అని ఉంది.

"రాసింది ముక్కాలు డబ్బా. వేసింది బస్తా మాదిరుండాది" అన్నాడు మెల్లగా. "ఎవరు వేసినారమ్మా?"

అవ్వే ముందుకొచ్చింది. దాచడానికి ఆమెకేముంది?

"నేనే వేసినా సామీ. నేను వేసినందుకే ఈ మాత్రం దినాలన్నా బతికినాయి. ఈ పిల్ల డబ్బాతో కొలిచి కొలిచి కడుపు మాడ్చింది. దాన్నేమనొద్దు. చిన్నది, దానికేం తెలుసు."

మార్కండేయులు నోటుబుక్కు మూసి, అట్ట మీది రాత చూశాడు. ఆదినారాయణ మాత్రం కూతురి వైపే చూస్తున్నాడు.

"నీకు తెలుసా, అవ్వ వేస్తాందని?"

తల ఊపింది.

"ఆపల్యాకపోయినావా?"

బొబ్బలెక్కిన చేతులు వెనక్కి పెట్టుకుంది.

"కదిరప్పను అడగల్యా?"

"అడిగింది అన్నా" అన్నాడు అప్పుడే గట్టు మీదికి వచ్చిన కదిరప్ప. "అడిగింది గానీ, ఇట్లని చెప్పల్యా."

ఆదినారాయణ కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. కండువాతో ముఖం తుడుచుకుని, ఆఫీసరును లోపలికి పిలిచాడు. కదిరప్ప ఇంటికి పోయాడు. చచ్చిన పిల్లలను గంపలకెత్తి చేన్లో పూడ్చమని ఆదినారాయణ సుంకమ్మను పంపించాడు. నీలావతి బావి దగ్గర చేతులు కడుక్కుంటూ నిలబడింది. పగిలిన బొబ్బలు మండుతున్నాయి. లోపలి మాటలు తెరిచిన తలుపులోంచి ముక్కలు ముక్కలుగా వినపడుతున్నాయి.

"...చేపలు పోతే పోనీలే సామీ, నీకే మాట వస్తాదేమోనని నా బాధ."

"మళ్ళా తెప్పిస్తా లే. ఈసారి వేరే ఊరికిస్తారేమో."

"కార్డు ఒకటి రాసిపెట్టు. హాస్టలామెకు. ఈ యేడు పంపించడంల్యా అని."

"తొందరపడతాండావేమో. అమ్మాయికి బుద్ధి ఉండాది. అట్ట మీద నేను చెప్పిందంతా రాసుకునింది చూడు."

"బుద్ధి ఉండాది, ఎవరు కాదన్నారు? సొంత అవ్వకు వద్దని చెప్పుకోల్యా. పక్కింటాయప్పకు రమ్మని చెప్పుకోల్యా. రేపు ఆడ జ్వరమొస్తే ఎవరికి చెప్పుకుంటాది? చెప్పల్యాక సచ్చిపోతాది సామీ. ఇంగొకర్ని పోగొట్టుకునే శక్తి ఈ ఇంటికి ల్యా."

నీలావతి వంగి, బావిగట్టు రాతి మీద నీళ్ళు తుడిచింది. ఊరికే తుడిచింది. ఆమె చెప్పింది. అవ్వకు చెప్పింది, అట్ట చూపించింది, చేట పట్టుకుంది, కడవలతో పోసింది. నేను చెప్పినా నాయనా, ఎవరూ వినల్యా. అంతే, ఐదు మాటలు. వాటిని లోపల రెండు సార్లు చెప్పుకుంది. మూడోసారి పెదవులతో చెప్పుకుంది. చేతులు పావడాకు తుడుచుకుని, ఎక్కడా ఆగకుండా నడిచి గడప దగ్గరికి వచ్చింది.

లోపల మార్కండేయులు నీలం పెట్టె మూత మీద కార్డు పెట్టుకుని రాస్తున్నాడు. తండ్రి పక్కన కూర్చున్నాడు. అవ్వ గోడకు ఆనుకుని ఉంది. ముగ్గురూ తలెత్తారు.

"అమ్మాయి ఏదో చెప్పాలనుకుంటాంది" అన్నాడు మార్కండేయులు కలం ఆపి.

"ఏమ్మీ?" అన్నాడు ఆదినారాయణ. అతని గొంతులో ఆశ ఉంది. అదే ఆమెను గాభరా పెట్టింది.

"నేను..." అంది నీలావతి. "నేను..."

కలం కార్డు పైన ఆగే ఉంది. తండ్రి చూస్తూనే ఉన్నాడు. బయట ఈగలు ముసురుతున్నాయి. మిగతా మాటలు గడప దాకా వచ్చాయి గానీ దాటలేదు.

అవ్వ మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచింది. వచ్చి మనవరాలి తల నిమిరింది. ఆ చేతికి ఇంకా చెక్క వాసన ఉంది.

"దాన్ని నిలబెట్టి అడగాకు రా, నాయనా. బిడ్డ సిగ్గుతో సస్తాంది" అంది కొడుకుతో. తర్వాత నీలావతితో, లాలనగా, "నువ్వు పోమ్మా. నీ తరపున నేను చెప్తా కదా" అంది. ఆమె భుజం పట్టి మెల్లగా వసారాలోకి నడిపించి, తాను లోపలికి పోయి తలుపు మూసింది.